బలమునకు ప్రమాణములు – వాని మార్పిడి

తెలుగు పాఠము చెప్పుకొనువారికి న్యూటన్లతోను, డైన్లతోను ఏమి పని అని ఈ వ్యాసము పేరు చూచినవెంటనే కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. ఇంటర్మీడియటులో రెండేండ్లు భౌతికశాస్త్రము చదివిన మాట నిజమే గాని, ఆ తరువాత మేము పట్టినది ఎం.ఏ. తెలుగు దారి. విడిచిన ఆ విషయమును మరల చేపట్టుటకు కారణము ఒక జవాబు పత్రముల కట్ట.

ఒకనాటి సాయంకాలము భౌతికశాస్త్రము చెప్పు మా సహాధ్యాపకులు ఆ కట్టను అధ్యాపకుల గదిలోని బల్లపై పెట్టి, "వీళ్ళకు భాగహారం కూడా రాదండీ" అని నిట్టూర్చినారు. ప్రశ్న చిన్నది. పది కిలోగ్రాముల ద్రవ్యరాశి గల వస్తువుపై ఐదు కిలోగ్రాముల భారమునకు సమానమైన బలము పనిచేసినచో ఆ వస్తువు పొందు త్వరణమెంత? నేల నునుపైనది, ఘర్షణ లేదని అనుకొనవలెను. ఉర్దూ విభాగము, తెలుగు విభాగము అను భేదము లేకుండ చాలమంది ఐదును పదితో భాగించి 0.5 అని వ్రాసినారు. మేము ఆ పత్రములను ఒకటొకటిగా తిరగవేసి చూచినాము. భాగహారము ఎక్కడను తప్పలేదు. ఐదును పదితో భాగించిన అరయే కదా! తప్పినది వేరొకటి. ప్రశ్నలో 'కిలోగ్రాము' అను మాట రెండుచోట్ల ఉన్నది. రెండుచోట్ల దాని అర్థము ఒకటి కాదు. విద్యార్థి ఒకటే అనుకొన్నాడు. అంతటితో జవాబు పదింట ఒక వంతునకు దిగిపోయినది.

ఒక మాటకు రెండర్థములున్నప్పుడు సందర్భమును బట్టి అర్థమును నిర్ణయించుట మా తెలుగు పాఠములో నిత్యకృత్యము. కవి శ్లేషను ప్రయోగించిన ఆనందింతుము. శాస్త్రములో శ్లేష దొర్లినచో మార్కులు పోవును. మార్కులే కాదు, ఒక వ్యోమనౌకయే పోయిన సంగతి ముందు చెప్పుదుము. కావున ఈ తప్పును భాషాధ్యాపకుడు పట్టుకొనుటలో అన్యాయమేమియు లేదనుకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట బలమనగా నేమి? నిలిచియున్న వస్తువును కదల్చునది, కదలుచున్న వస్తువు వేగమునో, దిశనో మార్చునది బలము. న్యూటన్ రెండవ సూత్రమును బట్టి, ద్రవ్యరాశి మారని వస్తువునకు, బలము = ద్రవ్యరాశి × త్వరణము. ద్రవ్యరాశి అనగా వస్తువులో ఉన్న పదార్థము. అది మార్పును ఎంతగా ఎదిరించునో తెలుపు పరిమాణము. త్వరణమనగా వేగము సెకనుకు ఎంత చొప్పున మారుచున్నదో చెప్పునది. ఈ రెండింటి గుణకారమే బలము గనుక, బలమునకు ప్రమాణమును కొత్తగా వెదుక నక్కరలేదు. ఒక కిలోగ్రాము ద్రవ్యరాశికి సెకనుకు సెకనుకు ఒక మీటరు త్వరణము కలిగించు బలము ఒక న్యూటన్. ఈ పేరును 1948లో తూనికలు కొలతల సార్వత్రిక మహాసభ తొమ్మిదవ సమావేశము స్వీకరించినది. అంతకు ముందునుండి వాడుకలో నున్నది డైన్. ఒక గ్రాము ద్రవ్యరాశికి సెకనుకు సెకనుకు ఒక సెంటీమీటరు త్వరణము కలిగించు బలమది. 1873లో బ్రిటిష్ శాస్త్రాభివృద్ధి సంఘము వారి ఉపసంఘము ఈ పేరును ప్రతిపాదించినది. బలము, శక్తి అను అర్థములు గల 'డ్యునామిస్' అను గ్రీకు మాట దీనికి మూలము. ఇంగ్లీషు కొలతలలో పౌండు ద్రవ్యరాశికి సెకనుకు సెకనుకు ఒక అడుగు త్వరణము కలిగించునది పౌండల్.

ఈ మూడింటికిని ఒక సమాన లక్షణము కలదు. వీని నిర్వచనములో భూమి ప్రసక్తి లేదు. భూమిపై నున్నను, చంద్రునిపై నున్నను, ఏ గ్రహమును దగ్గర లేని శూన్యములో నున్నను న్యూటన్ న్యూటనే, డైన్ డైనే. అందువలన వీనిని నిరపేక్ష ప్రమాణములందురు. వీనిలో ఒకదానినుండి వేరొకదానికి మారుట సులభము. ప్రమాణముల పేర్లను కూడ అంకెలవలె భావించి, ఒక పేరున్నచోట దానికి సమానమైన వేరొక పేరు నుంచిన చాలును. న్యూటన్ అనగా ఒక కిలోగ్రాము × ఒక మీటరు, సెకను వర్గముతో భాగింపబడినది. కిలోగ్రామున్నచోట 1000 గ్రాములు, మీటరున్నచోట 100 సెంటీమీటర్లు వ్రాయుదము. సెకను రెండు పద్ధతులలోను ఒకటే గనుక దానిని ముట్టనక్కరలేదు. 1000ని 100తో గుణించిన 1,00,000. ఒక న్యూటనుకు లక్ష డైనులు. ఈ లక్షను కంఠస్థము చేయవలసిన పనియే లేదు. వేయి గ్రాములు, నూరు సెంటీమీటర్లు తెలిసిన ఐదవ తరగతి పిల్లవాడైనను దానిని రాబట్టగలడు.

పౌండల్‌కును ఇదే దారి. 1959 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందమును బట్టి పౌండు 0.45359237 కిలోగ్రాములు, అడుగు 0.3048 మీటర్లు. ఈ రెండును ఉజ్జాయింపులు కావు, నిర్ణయించుకొన్న నిక్కమైన సంఖ్యలు. రెండింటిని గుణించిన పౌండల్ సుమారు 0.13825 న్యూటన్లు, అనగా దాదాపు 13,825 డైనులు. అంకె చూచుటకు వికారముగా నున్నది గాని, వచ్చిన విధము మాత్రము న్యూటనును డైనులుగా మార్చిన విధమే.

ఇక చిక్కంతయు రెండవ కుటుంబముతో. బజారులో మనము కొనునది కిలో బియ్యము. సంచిని చేత పట్టుకొన్నప్పుడు చేతిని క్రిందికి లాగునది ఏది? భూమి ఆ బియ్యమును ఆకర్షించు బలము. దానికి తెలుగులో బరువు, భారము అని పేర్లు; ఉర్దూలో వజన్. పుస్తకములో మాత్రము తెలుగున ద్రవ్యరాశికి భారము వేరు, ఉర్దూన కమ్మియత్‌కు వజన్ వేరు. ఇంటిలో ఈ భేదము ఏ భాషలోను లేదు. "బియ్యం బరువెంత?" అని అడిగిన "కిలో" అనియే చెప్పుదుము, "వజన్ కిత్నా హై?" అని అడిగినను జవాబదియే. కావున ఉర్దూ మాధ్యమములో చదివి వచ్చిన పిల్లలు తెలుగు పిల్లలకంటె వెనుకబడి ఈ తప్పు చేసినారని ఎవరైన అనుకొన్నచో అది పొరపాటు. ఇద్దరి ఇండ్లలోను వాడుక ఒకటే, తప్పును ఒకటే. హైదరాబాదులో 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉర్దూలో శాస్త్రగ్రంథములను వెలువరించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో పాఠ్యపుస్తకములను సిద్ధము చేసినది. పారిభాషిక పదములు రెండు భాషలకును లభించినవి. అవి పుస్తకములో ఉండిపోయి బజారు మాట పరీక్ష మందిరములోనికి వచ్చుచున్నది.

కిలోగ్రాము ద్రవ్యరాశిని భూమి ఎంత బలముతో ఆకర్షించునో అంత బలమునకు కిలోగ్రాము భారము అని పేరు. గ్రాము భారము, పౌండు భారము ఇట్టివే. వీనిని గురుత్వ ప్రమాణములందురు. వీని నిర్వచనములో భూమి ఉన్నది. కిలోగ్రాము వస్తువు స్వేచ్ఛగా పడినచో సుమారు 9.8 మీ/సె² త్వరణముతో పడును. కనుక దానిపై పనిచేయు బలము సుమారు 9.8 న్యూటన్లు. కిలోగ్రాము భారము 9.8 న్యూటన్లకు సమానమని పుస్తకములో ఉన్నది ఇందువలననే. తిప్పి చెప్పిన, ఒక న్యూటన్ అనగా 102 గ్రాముల వస్తువు బరువు. ఒక మోస్తరు జామకాయను అరచేతిలో పెట్టుకొన్న తెలియును. డైన్ అనగా ఒక మిల్లిగ్రాముకు కొంచెము పైచిలుకు బరువు. దానిని చేయి గుర్తింపలేదు.

భూమి ఆకర్షణ అన్నిచోట్ల ఒకటే అయినచో ఈ కుటుంబముతోను పేచీ ఉండెడిది కాదు. కాని అది ఒకటి కాదు. 1672లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్ రిషే భూమధ్యరేఖకు దగ్గరగా, దక్షిణ అమెరికా తీరమున నున్న కయెన్‌లో పరిశీలనలు చేయుచుండగా, పారిస్‌లో సరిగా నడచిన లోలక గడియారము అక్కడ దినమునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడినది. లోలకమును కొంచెము పొట్టి చేసిన గాని కాలము సరిపడలేదు. గడియారములో దోషము లేదు. భూమధ్యరేఖ సమీపమున గురుత్వ త్వరణము తక్కువ. నేటి లెక్కలను బట్టి అది ధ్రువముల వద్ద 9.832, భూమధ్యరేఖ వద్ద 9.780 మీ/సె². భారము స్థానమును బట్టి మారునను తలంపు మాత్రము అంతకంటె చాల పాతది. మెర్వ్ నగరమున నివసించిన అబ్దుర్ రహ్మాన్ అల్ ఖాజినీ 1121 ప్రాంతమున రచించిన 'కితాబ్ మీజాన్ అల్ హిక్మా' అను తక్కెడల గ్రంథములో, వస్తువు భారము కేంద్రమునుండి దానికి గల దూరమును బట్టి ఉండునని చెప్పినాడు. ఆయన చెప్పిన నియమము, దూరము పెరిగిన భారము పెరుగునన్నది, నేడు భూమి వెలుపల చెల్లదు. కాని వస్తువు వేరు, దాని భారము వేరు అను ఎరుక లేనివాడు ఆ ప్రశ్ననే వేసియుండడు. త్రాసును గురించి ఒక గ్రంథమంత ఆలోచించినవానికి అది తట్టుట వింత కాదు.

ఇక్కడ త్రాసును గురించి ఒక మాట. తక్కెడలో ఒక పళ్ళెమున రాయి, వేరొక పళ్ళెమున వస్తువు ఉండును. భూమి రెండింటిని ఒకే తీరుగా ఆకర్షించును గనుక ధ్రువమున తూచినను, భూమధ్యరేఖపై తూచినను ఫలితము మారదు. తక్కెడ ద్రవ్యరాశులను పోల్చునది. స్ప్రింగు త్రాసు అట్లు కాదు. అది సాగుటను బట్టి బలమును చూపును. ధ్రువమున 1000 గ్రాములని చూపిన అదే త్రాసు, అదే వస్తువును భూమధ్యరేఖ వద్ద సుమారు 995 గ్రాములని చూపును. వస్తువులో రవంతయు తరుగలేదు. గ్రాములని గుర్తులు చెక్కిన స్ప్రింగు త్రాసు నిజమునకు కొలుచునది గ్రాము భారములనని తెలిసిన ఈ వింత విడిపోవును.

ఈ గందరగోళము మన విద్యార్థులది మాత్రమే కాదు. 1901లో జరిగిన తూనికలు కొలతల సార్వత్రిక మహాసభ మూడవ సమావేశము దీనిని తీర్చుటకు పనిగట్టుకొని ఒక ప్రకటన చేసినది. కిలోగ్రాము ద్రవ్యరాశికి ప్రమాణము. భారము అను మాట బలమువంటి పరిమాణమును తెలుపును. లెక్కల నిమిత్తము ప్రామాణిక గురుత్వ త్వరణము 980.665 సెం.మీ/సె². దేశదేశముల ప్రతినిధులు కూర్చుండి ఒక మాటకు అర్థము నిర్ణయింపవలసివచ్చినదనగా, పదునేడేండ్ల పిల్లవాడు దానిలో తడబడినందుకు మనము మరీ కోపింప నక్కరలేదు. నాటినుండి కిలోగ్రాము భారము ఏ ఊరి గురుత్వముపైనను ఆధారపడక 9.80665 న్యూటన్లుగా స్థిరపడినది. పౌండు భారమును అదే తీరున 4.448 న్యూటన్లు, లేదా 32.174 పౌండళ్ళు.

పౌండు, పౌండల్ అను ఈ రెండు పేర్లు వినుటకు దగ్గరగా నుండి, విలువలో ముప్పదిరెండు రెట్లు దూరముగా నుండుట వలన పాత పుస్తకములు చదువువారు తరచు మోసపోవుదురు. మన పెద్దలకు ఇట్టి చిక్కు కొత్త కాదు. మద్రాసు మణుగు ఎనిమిది వీశెలు, సుమారు 11 కిలోలు; రైల్వే మణుగు నలుబది శేర్లు, 37 కిలోల పైచిలుకు. మణుగు అని మాత్రము వ్రాసి, ఏ మణుగో వ్రాయని ఒప్పందముపై తగవులు రాకుండునా? 1956లో మన దేశము తూనికల చట్టము చేసి, 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలను క్రమముగా ప్రవేశపెట్టుటకు ఇట్టి బాధలే ముఖ్యకారణము.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చినాము. ఒకే కుటుంబములో మార్పిడికి గురుత్వ త్వరణముతో పని లేదు. న్యూటన్, డైన్, పౌండల్ తమలో తాము మారునప్పుడు అది రాదు. కిలోగ్రాము భారము, పౌండు భారము తమలో తాము మారునప్పుడును రాదు. ఒక పౌండు భారము 0.45359237 కిలోగ్రాము భారములు, ద్రవ్యరాశుల నిష్పత్తియే బలముల నిష్పత్తి. ఒక కుటుంబమునుండి వేరొక కుటుంబములోనికి దాటునప్పుడు మాత్రము 9.8 అను సుంకము చెల్లించవలెను. దారి దాటుచున్నామా లేదా అని చూచుకొనిన చాలును, పుస్తకము వెనుకనున్న పట్టికను బట్టీ పట్టవలసిన పని తప్పును.

సైకిలు దుకాణములోనో, పెట్రోలు బంకులోనో కారు చక్రమునకు గాలి పట్టించునప్పుడు "ముప్పై పెట్టు" అందుము. ఆ ముప్పది, చదరపు అంగుళమునకు ముప్పది పౌండు భారములు. అదే యంత్రముపై రెండవ వరుస అంకెలు చదరపు సెంటీమీటరునకు కిలోగ్రాము భారములలో ఉన్నచో ముల్లు 2.1 వద్ద నిలుచును. అంగుళము 2.54 సెంటీమీటర్లు గనుక చదరపు అంగుళము 6.4516 చదరపు సెంటీమీటర్లు; 30ని 0.45359తో గుణించి 6.4516తో భాగించిన 2.109. ఇందులో 9.8 ఎక్కడను రాలేదు, రెండును గురుత్వ కుటుంబమువే గనుక. అదే పీడనమును చదరపు మీటరునకు న్యూటన్లలో చెప్పవలెనన్న దారి దాటవలెను; అప్పుడు సుమారు 2,06,800 వచ్చును.

జవాబు పత్రములలోని ప్రశ్నను ఈ వెలుగులో చూడుడు. ఐదు కిలోగ్రాముల భారము గురుత్వ ప్రమాణము. బలము = ద్రవ్యరాశి × త్వరణము అను సూత్రము ఇప్పుడున్న రూపములో నిరపేక్ష ప్రమాణములకే చెల్లును. కావున మొదట దాటవలెను. 5 × 9.8 = 49 న్యూటన్లు. పిమ్మట 49ని 10తో భాగించిన 4.9 మీ/సె². మేము తరగతిలో ఈ లెక్కను నల్లబల్లపై వ్రాయగా ఒక విద్యార్థి లేచి, "సార్, మరి ప్రశ్నలో భారం అనే మాట లేకుండా ఐదు కిలోగ్రాముల బలం అని ఇస్తే?" అని అడిగినాడు. మంచి ప్రశ్న. పాత ఇంజనీరింగు పుస్తకములలో అట్లే ఉండును. కిలోగ్రాము బలమనగా కిలోగ్రాము భారమే. బలము అడిగినచోట కిలోగ్రాము కనబడినచో, దాని ప్రక్కన భారము అను మాట దాగియున్నదని గ్రహించి చేర్చుకొనవలెను. తెలుగు వాక్యములో కర్త లోపించిన అధ్యాహారము చేసికొనుచున్నాము కదా, ఇదియు అట్టిదే.

ఆ కట్టలోనే వేరొక ప్రశ్న కూడ ఉన్నది. 500 డైనులు ఎన్ని న్యూటన్లు? ఒక విద్యార్థికి లక్ష అను అంకె జ్ఞాపకమున్నది. గుణింపవలెనో, భాగింపవలెనో జ్ఞాపకము లేదు. గుణించినాడు; ఐదు కోట్ల న్యూటన్లు! మన శ్రీహరికోట నుండి 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసికొనిపోయిన ఎల్.వి.ఎం.-3 వాహనమునకు ఇరుప్రక్కల నుండు ఘన ఇంధన దశలు ఒక్కొక్కటి గరిష్ఠముగా 5150 కిలోన్యూటన్ల బలము నిచ్చును. రెండును కలిపిన ఒక కోటి మూడు లక్షల న్యూటన్లు. సుమారు 640 టన్నుల వాహనమును నేలనుండి లేపుటకు అది చాలినది. మన విద్యార్థి అర గ్రాము బరువుతో దాదాపు ఐదు రాకెట్లను ఒకేసారి లేపినాడన్నమాట. తరగతిలో ఈ పోలిక చెప్పగా అందరును నవ్వినారు, వ్రాసిన విద్యార్థి అందరికంటె ముందుగా నవ్వినాడు. నిజమునకు 500 డైనులు 0.005 న్యూటన్లు. చిన్న ప్రమాణముతో కొలిచిన అంకె పెద్దది, పెద్ద ప్రమాణముతో కొలిచిన అంకె చిన్నది. రూపాయలను పైసలు చేసిన అంకె పెరుగును, పైసలను రూపాయలు చేసిన తరుగును. లెక్క ముగిసిన పిమ్మట ఈ ఒక్క చూపు చూచుటకు అర నిమిషము పట్టదు.

ఇక వ్యోమనౌక సంగతి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1998 డిసెంబరు 11న కుజ గ్రహ వాతావరణమును పరిశీలించుటకై 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' అను నౌకను పంపినది. దారిలో నౌకను సరియైన ముఖముగా నిలుపుటకు లోపల తిరుగు చక్రములుండును. వానిలో పేరుకొన్న భ్రమణమును వదిలించుటకు అప్పుడప్పుడు చిన్న రాకెట్లను మండించుదురు. ఆ మండించుట ప్రతిసారియు నౌకను రవంత ప్రక్కకు నెట్టును. ఎంత నెట్టినదో లెక్క కట్టి మార్గమును తెలిసికొనవలెను. బలమును అది పనిచేసిన కాలముతో గుణించిన వచ్చు పరిమాణము ప్రచోదనము. దానిని భూమిపైనున్న ఒక కంప్యూటరు కార్యక్రమము లెక్కించి ఇచ్చుచుండెను. నిబంధన పత్రమును బట్టి అది న్యూటన్-సెకనులలో ఉండవలెను. కాని కార్యక్రమము పౌండు భారము-సెకనులలో ఇచ్చినది. మార్గమును గణించువారు న్యూటన్-సెకనులే అనుకొని వాడుకొన్నారు. పౌండు భారము 4.45 న్యూటన్లని పైన చూచినాము గదా. ప్రతి నెట్టుడును నిజమునకు ఉన్నదానికంటె 4.45 రెట్లు తక్కువగా లెక్కకు ఎక్కినది.

ఒక్కొక్క నెట్టుడు అల్పము. తొమ్మిది నెలలకు పైబడిన ప్రయాణములో అవి కూడినవి. కుజుని చేరునప్పుడు సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవలెనని వేసిన పథకము. 1999 సెప్టెంబరు 23న నౌక కుజుని చాటునకు పోయినది; ఆ తరువాత దాని సంకేతము మరల రాలేదు. పిమ్మట లెక్క చూడగా అది సుమారు 57 కిలోమీటర్ల ఎత్తునకు దిగినట్లు తేలినది. 80 కిలోమీటర్లకు క్రిందుగా పోయిన నౌక అక్కడి వాతావరణపు తాకిడికి నిలువలేదు. ఆ కార్యక్రమము వ్రాసినవారు గణితము రానివారు కారు, వాడినవారును కారు. అంకెలు సరిగానే ఉన్నవి, మన విద్యార్థుల భాగహారమువలె. అంకె ప్రక్కన ఉండవలసిన మాట ఒకరి మనస్సులో ఒకటి, ఇంకొకరి మనస్సులో ఇంకొకటి. దారి దాటినాము అన్నది ఎవరికిని తెలియలేదు, సుంకమును ఎవరును చెల్లింపలేదు.

కళాశాల పాలక సంఘము వారు కూడ ఈ సంచికను చదువుదురు గనుక ఒక విన్నపము. మా ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసులలో కొన్ని గ్రాములలో, కొన్ని న్యూటన్లలో గుర్తులు గలవి. గ్రాముల త్రాసులను తీసివేయవలెనని మేము కోరము. వానివలన కూడ పాఠమున్నది. కాని ప్రతిదాని ప్రక్కన అది చూపునది భారమని, ద్రవ్యరాశి కాదని ఉర్దూలోను, తెలుగులోను వ్రాసిన చీటీ అంటించుటకును, ద్రవ్యరాశి – కమ్మియత్, భారము – వజన్, బలము – ఖువ్వత్ వంటి జంటలతో ఒక గోడపటము వ్రాయించుటకును అయ్యెడు ఖర్చు అత్యల్పము. అక్షరములు వ్రాయు పనిని మా రెండు భాషల విభాగముల విద్యార్థులే చేయగలరు. నిరుడు ఈ ఒక్క విషయములో ఐదారు మార్కులు పోగొట్టుకొని తప్పినవారు మాలో ఉన్నారు. వారు ఇంటిలో ఏమని చెప్పుకొన్నారో మాకు తెలియదు గాని, లెక్కలు రానివారని పేరు మాత్రము మోసినారు. ఆ పేరు వారికి తగదు.

విద్యార్థులు స్వయముగా చేసి చూచుటకు మూడు లెక్కలు. బావి గిలకపై నీటితో కూడ 15 కిలోగ్రాములున్న బకెటును సమవేగముతో పైకి లాగవలెనన్న ఎంత బలము కావలెను? గిలక ఘర్షణను, చేంతాడు బరువును విడువుడు. జవాబును కిలోగ్రాము భారము, న్యూటన్, డైన్, పౌండు భారము, పౌండల్ అను ఐదింటిలోను వ్రాయుడు. రెండవది, 16 పౌండుల ద్రవ్యరాశిపై 8 పౌండు భారముల బలము పనిచేసిన త్వరణమెంత? గురుత్వ త్వరణమును 32 అడుగులుగా తీసికొనుడు. మూడవది, 60 కిలోగ్రాముల ద్రవ్యరాశి గల మనిషి చంద్రునిపై స్ప్రింగు త్రాసుపై నిలిచిన అతని భారమెన్ని న్యూటన్లు, ద్రవ్యరాశి ఎంత? అక్కడి త్వరణము 1.62 మీ/సె².

మొదటిదానికి జవాబులు వరుసగా 15, 147.1, ఒక కోటి నలుబదియేడు లక్షల పదివేలు, 33.07, 1064. చివరి రెండును, డైనులును ఉజ్జాయింపు. రెండవదానికి సెకనుకు సెకనుకు 16 అడుగులు. అర అడుగు వచ్చినవారు సుంకము చెల్లింపలేదు. మూడవదానికి భారము 97.2 న్యూటన్లు, ద్రవ్యరాశి ప్రశ్నలోనే ఉన్నది.